దీపం నిజంగానే తగ్గింది



గ్యాస్ లైటు అనగానే మీలో కాస్త వయసు మళ్ళినవాళ్ళకి ఏం గుర్తొస్తుందో ఊహించగలను. పెళ్ళి ఊరేగింపు. వీధి భాగోతం. నెత్తిన దీపం పెట్టుకుని నడిచే మనిషి. సుయ్యిమనే చప్పుడు. పెట్రోమాక్స్ లైటునే మన పల్లెల్లో చాలామంది గ్యాస్ లైటు అనేవాళ్ళు. అది కిరసనాయిలుతో వెలిగేది. గాలి కొట్టాలి. గాలి తగ్గితే వెలుగు తగ్గేది.

ఇవాళ నేను మాట్లాడబోయేది ఆ లైటు గురించి కాదు. ఈ మధ్య కుర్రకారు నోట ఒక ఇంగ్లీషు మాట తరచుగా వినబడుతోంది. "వాడు నన్ను గ్యాస్‌లైట్ చేస్తున్నాడు" అంటారు. "ఇది గ్యాస్‌లైటింగ్" అంటారు. వింటే అర్థమైనట్టే ఉంటుంది. కానీ అడిగితే చెప్పడం కష్టం. మోసం చేస్తున్నాడనా? అబద్ధం ఆడుతున్నాడనా? తగువు పెట్టుకుంటున్నాడనా? ఈ మాట ఎక్కణ్ణించి వచ్చింది, ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు, ఇవాళ చూద్దాం.

ఈ మాట ఒక నాటకంలోంచి వచ్చింది. పాట్రిక్ హామిల్టన్ అని ఇంగ్లండు రచయిత. 1938లో ఆయన నాటకం ఒకటి రంగం మీదికి వచ్చింది. దాని పేరు గ్యాస్ లైట్. కథ జరిగేది 1880లో, లండన్‌లో. అప్పట్లో అక్కడ బొగ్గు నుంచి తీసిన గ్యాసు వీధి గొట్టాల్లోంచి ఇళ్ళల్లోకి వచ్చేది. గోడకి దీపం ఉండేది. మీట తిప్పి వెలిగించుకునేవాళ్ళు.

ఇక్కడ ఒక చిన్న విషయం గుర్తు పెట్టుకోండి. కథంతా దాని మీదే నడుస్తుంది. ఇంట్లో దీపాలన్నిటికీ గ్యాసు వచ్చే గొట్టం ఒకటే. ఒక గదిలో కొత్తగా దీపం వెలిగిస్తే, మిగతా గదుల్లో వెలుగు కొంచెం తగ్గుతుంది. మన కుళాయిల్లాగే. మీరు స్నానాల గదిలో కుళాయి కింద బకెట్ పెట్టారు. వంటింట్లో ఎవరో కుళాయి తిప్పారు. మీ ధార సన్నబడింది. వంటింట్లోకి తొంగి చూడకుండానే మీకు తెలుస్తుంది, అక్కడ ఎవరో ఉన్నారని.

ఇక కథ. భార్య పేరు బెల్లా. భర్త మానింగ్‌హామ్. మర్యాదస్తుడు. మెత్తగా మాట్లాడతాడు. ఆ ఇంట్లో వస్తువులు మాయమవుతుంటాయి. గోడ మీద పటం మాయం. సరుకుల బిల్లు మాయం. తీసేది ఆయనే. దాచేది ఆయనే. అడిగేది కూడా ఆయనే. "పటం ఎక్కడ పెట్టావు?" అంటాడు. నేను తియ్యలేదు అంటుంది. అయితే సరే, పనిమనుషుల్ని పిలుద్దాం అంటాడు. పిలుస్తాడు. వాళ్ళ చేత బైబిలు ముద్దు పెట్టించి ప్రమాణం చేయిస్తాడు. వాళ్ళు తియ్యలేదని తేలుతుంది. ఇంక మిగిలింది ఎవరు? ఆవిడే. పనివాళ్ళ ముందు తల దించుకుని నిలబడుతుంది. "మీ అమ్మ కూడా పిచ్చితోనే పోయింది కదా" అన్నట్టు మాట్లాడతాడు. పిచ్చాసుపత్రి ఊసెత్తుతాడు.

ఆయన రోజూ సాయంత్రం బయటికి వెళ్తాడు. వెళ్ళిన కాసేపటికి బెల్లా గదిలో దీపం తగ్గుతుంది. పై అంతస్తులో అడుగుల చప్పుడు. పై అంతస్తుకి తాళం వేసి ఉంది కదా! మళ్ళీ కొంతసేపటికి దీపం పెరుగుతుంది. ఆ తర్వాత భర్త వీధి గుమ్మంలోంచి లోపలికి వస్తాడు. ఇది రోజూ జరుగుతుంది. లోలోపల బెల్లాకి అర్థమవుతూనే ఉంది. నమ్మడానికి ధైర్యం చాలదు. తనకి మతి చలించిందనే అనుకుంటుంది.

అసలు సంగతేమిటంటే, ఆ ఇంట్లో ఏళ్ళ కిందట ఒక ముసలావిడ హత్య జరిగింది. కెంపుల కోసం. చంపింది ఈయనే. కెంపులు దొరకలేదు. పేరు మార్చుకుని, పెళ్ళి చేసుకుని, భార్య డబ్బుతోనే ఆ ఇంట్లో చేరాడు. రోజూ రాత్రి దొంగదారిన పై అంతస్తు ఎక్కి వెతుకుతున్నాడు. వెతకాలంటే వెలుగు కావాలి. అక్కడ దీపం వెలిగిస్తాడు. కింద భార్య గదిలో దీపం తగ్గుతుంది.

ఇక్కడ చాలామంది పొరబడతారు. భార్యని పిచ్చిదాన్ని చెయ్యడానికే ఆయన దీపాలు తగ్గించాడని చెప్తుంటారు. కాదు. దీపం తగ్గించడం ఆయన పన్నాగం కాదు. పటం దాచడం పన్నాగం. బిల్లు దాచడం పన్నాగం. దీపం మాత్రం ఆయనకి తెలియకుండానే ఆయన్ని పట్టించింది. ఆ ఇంట్లో అబద్ధం ఆడనిది ఆ దీపం ఒక్కటే. దాని పేరే ఆ మోసానికి పెట్టారు చూడండి, అదీ తమాషా.

ఈ నాటకం న్యూయార్క్‌లో ఏంజెల్ స్ట్రీట్ అనే పేరుతో వెయ్యికి పైగా ప్రదర్శనలు ఆడింది. 1940లో ఇంగ్లండులో సినిమాగా తీశారు. 1944లో హాలీవుడ్ వాళ్ళు మళ్ళీ తీశారు. దర్శకుడు జార్జ్ క్యూకర్. భర్తగా ఛార్లెస్ బోయర్. భార్యగా ఇంగ్రిడ్ బెర్గ్‌మన్. ఆమెకి మొదటి ఆస్కార్ తెచ్చింది ఈ సినిమానే. పాత సినిమాలు చూసే అలవాటున్నవాళ్ళు వెతికి చూడండి. భర్త గొంతు పెద్దగా లేవనక్కర్లేకుండానే ఆమె ముఖం ఎలా వాడిపోతుందో చూస్తే, నేనిప్పుడు చెప్పేదంతా అనవసరమనిపిస్తుంది.

సరే, మన మాట దగ్గరికి వద్దాం. మోసానికి తెలుగులో మాటలు తక్కువా? టోపీ పెట్టాడు అంటాం. బురిడీ కొట్టించాడు అంటాం. చెవిలో పువ్వు పెట్టాడు అంటాం. తిమ్మిని బమ్మిని చేశాడు అంటాం. చేసింది చెయ్యలేదంటే బుకాయించాడు అంటాం. ఇన్ని ఉండగా ఈ ఇంగ్లీషు మాట మనకెందుకు?

తేడా ఉంది. టోపీ పెట్టించుకున్నవాడికి ఏదో ఒకరోజు తెలుస్తుంది. తెలియగానే ఏమంటాడు? "వాడు నన్ను మోసం చేశాడు" అంటాడు. మోసగాణ్ణి తిడతాడు. బెల్లా తిట్టలేదు. బెల్లా క్షమాపణ చెప్పుకుంది. తియ్యని పటానికి, పారెయ్యని బిల్లుకి. మామూలు మోసం మన డబ్బు మీదికో, ఆస్తి మీదికో వస్తుంది. ఇది మన కంటి మీదికి, చెవి మీదికి, జ్ఞాపకం మీదికి వస్తుంది. నీ కళ్ళు నిజం చెప్పడం లేదు, నేను చెప్పిందే నిజం అని ఒప్పిస్తుంది. అదీ గ్యాస్‌లైటింగ్. మళ్ళీ చెప్తాను. ఒక మనిషి మీద మీకు ఉన్న నమ్మకాన్ని అడ్డం పెట్టుకుని, మీ మీద మీకు ఉన్న నమ్మకాన్ని తీసెయ్యడం. ఒక్కసారి కాదు. కొంతకాలం పాటు, పని గట్టుకుని.

మనకి ఈ సంగతి కొత్తేమీ కాదు. పంచతంత్రంలో మేకని భుజాన వేసుకుని వెళ్తున్న బ్రాహ్మణుడి కథ అందరికీ తెలుసు. ముగ్గురు ధూర్తులు దారిలో దూరం దూరంగా నిలబడతారు. ఒకడు, కుక్కని మోస్తున్నావేమయ్యా అంటాడు. బ్రాహ్మణుడు కసురుకుంటాడు. రెండోవాడూ అలాంటి మాటే అనేసరికి అనుమానం మొదలవుతుంది. మూడోవాడి దగ్గరికి వచ్చేసరికి మేకని వదిలేసి వెళ్ళిపోతాడు. వాళ్ళు మేకని దాచలేదు. మార్చలేదు. అది భుజం మీదే ఉంది. దాని ఒళ్ళు మెడకి తగులుతూనే ఉంది. అయినా వదిలేశాడు.

కానీ ఒక సంగతి చూడండి. అక్కడ ముగ్గురు కావలసి వచ్చారు. ఎందుకంటే వాళ్ళు దారిన పోయేవాళ్ళు. బెల్లా ఇంట్లో ఒక్కడే సరిపోయాడు. రోజూ ఎదురుగా కూర్చుని భోంచేసే మనిషి అంటే, మూడుసార్లు అనక్కర్లేదు, ముగ్గురు అనక్కర్లేదు. నమ్మకం ఎక్కువున్న చోట శ్రమ తక్కువ.

1969లో లాన్సెట్ అనే ప్రసిద్ధ వైద్య పత్రికలో ఇద్దరు ఇంగ్లండు డాక్టర్లు ఈ నాటకం పేరుతోనే ఒక వ్యాసం రాశారు. మతి బాగానే ఉన్న మనుషులకి దగ్గరివాళ్ళే పిచ్చి ముద్ర వేసి ఆసుపత్రికి పంపడానికి చూసిన ఉదంతాలవి. అంటే నాటకం వచ్చిన ముప్ఫై ఏళ్ళకి అది డాక్టర్ల మాట కూడా అయింది. ఆ తర్వాత మెల్లగా జనంలోకి వచ్చింది. 2022లో అమెరికాలో మెరియం వెబ్‌స్టర్ నిఘంటువు వాళ్ళు దీన్నే ఆ ఏటి మేటి మాటగా ప్రకటించారు. అంతకు ముందు ఏడాదితో పోలిస్తే వాళ్ళ సైటులో ఈ మాట కోసం వెతకడం 1740 శాతం పెరిగిందట. ఆ నిఘంటువులో రెండు అర్థాలు ఇచ్చారు. ఒకటి, ఇప్పటిదాకా నేను చెప్పింది. రెండోది, సొంత లాభం కోసం ఎదుటివాళ్ళని ఘోరంగా తప్పుదోవ పట్టించడం. ఈ రెండో అర్థం వచ్చాక రాజకీయ నాయకుడి అబద్ధం కూడా గ్యాస్‌లైటింగే, సబ్బు ప్రకటన కూడా గ్యాస్‌లైటింగే అయిపోయింది. నాకైతే ఈ రెండో అర్థం నచ్చదు. దానికి మన టోపీలు, బురిడీలు చాలు. మొదటి అర్థానికే ఈ మాట దాచుకుంటే మనకి పనికొస్తుంది.

ఎలా పనికొస్తుందో చూద్దాం. ఒక ఇల్లు అనుకోండి. కూతురి ఫీజు కోసమని భార్య బీరువాలో డబ్బు దాచింది. భర్త తీశాడు. "ఏవండీ, ఇక్కడ డబ్బుండాలి" అంది. "నేను తియ్యలేదు" అన్నాడు. ఇది అబద్ధం. ఇంతవరకే అయితే అబద్ధమే, బుకాయింపే. గ్యాస్‌లైటింగ్ కాదు. "అసలు నువ్వు పెట్టావా? మొన్న కూడా తాళాలు ఎక్కడో పెట్టి మర్చిపోయావు. పాపం, ఈ మధ్య నీకు ఏదీ గుర్తుండటం లేదు. మీ తమ్ముడు కూడా అన్నాడు." ఇక్కడ మొదలైంది. మాట డబ్బు మీద నుంచి ఆవిడ బుర్ర మీదికి మారింది. గొంతులో జాలి కూడా చేరింది. ఆ "పాపం" అన్న మాటని గమనించండి. కోపంగా తిట్టేవాడికంటే ఈ పాపం అనేవాడితోనే ఎక్కువ చిక్కు.

ఆఫీసులో ఇంకోలా ఉంటుంది. సోమవారం పై అధికారి ఆ ఫైలు ఆపమంటాడు. నోటిమాటే. శుక్రవారం అందరి ముందూ "ఆపమని నేనెప్పుడన్నానయ్యా? కల గానీ వచ్చిందా?" అంటాడు. నలుగురూ నవ్వుతారు. ఇది ఒకసారి జరిగితే ఆయన మర్చిపోయాడేమో అనుకోవచ్చు. మనుషులు మర్చిపోతారు. పదే పదే ఆయన తప్పులన్నీ మీ మతిమరుపుగా మారుతుంటే, అది మతిమరుపు కాదు.

నన్ను ఎక్కువ భయపెట్టేది మూడో చోటు. ముసలివాళ్ళున్న ఇల్లు. తండ్రికి డెబ్బై అయిదేళ్ళు దాటాయి. అక్కడో ఇక్కడో కొంచెం మరుపు ఉన్న మాట నిజమే. పొలం పాసు పుస్తకం ఆయన పెట్టెలో ఉండేది. ఇప్పుడు లేదు. "ఏరా, పుస్తకం తీశావా?" అన్నాడు. "నువ్వే ఇచ్చావు కదా నాన్నా! నిన్న సాయంత్రం నీ చేత్తోనే ఇచ్చావు. అప్పుడే మర్చిపోయావా?" అన్నాడు కొడుకు. ఆయన ఆలోచనలో పడతాడు. ఇచ్చానేమో. నాలుగు రోజుల తర్వాత "సంతకం పెడతానన్నావు కదా, రా" అంటాడు. ఎప్పుడన్నానో ఆయనకి గుర్తు లేదు. అయినా వెళ్తాడు. తనకి గుర్తు లేకపోవడం తన లోపమే అనుకుంటాడు. ఇక్కడ ఒక్క విషయం చూడాలి. నాన్నకి మతిమరుపు వచ్చిందని ఊరంతా చెప్పే ఆ కొడుకు, నాన్నని డాక్టరు దగ్గరికి ఎన్నిసార్లు తీసుకెళ్ళాడు? రిజిస్ట్రారు ఆఫీసుకి ఎన్నిసార్లు తీసుకెళ్ళాడు?

ఇప్పుడు రెండో వైపు. ఏది గ్యాస్‌లైటింగ్ కాదో కూడా చెప్పాలి. పప్పులో ఉప్పు తక్కువైందని ఒకరు, సరిపోయిందని ఒకరు. అది గ్యాస్‌లైటింగ్ కాదు. అన్నదమ్ములిద్దరికీ చిన్నప్పటి సంగతి రెండు రకాలుగా గుర్తుంది. అదీ కాదు. "నువ్వు చెప్పింది తప్పు" అని ముఖం మీద అనడం కాదు. గట్టిగా వాదించడం కాదు. వాదించేవాడికి మీ బుద్ధి మీద గౌరవం ఉంది. అందుకే దానితో కుస్తీ పడుతున్నాడు. చిన్నపిల్ల కింద పడి మోకాలు గీరుకుపోతే "ఏం కాలేదు, ఏం కాలేదు, చీమ చచ్చిపోయింది" అంటాం. కొందరు దీన్ని కూడా ఆ లెక్కలో వేస్తున్నారు. నాకు నవ్వొస్తుంది. అయితే పదేళ్ళ పిల్ల పొత్తికడుపులో నొప్పి అంటుంటే కూడా "ఏం లేదు, నటన" అనే ఇళ్ళున్నాయి. అక్కడ నాకు నవ్వు రాదు.

ఈ మాటకి ఇంకో ప్రమాదం ఉంది. ఇది తిరగేసి కొట్టడానికి కూడా బాగుంటుంది. తప్పు చేసి దొరికినవాడు "నువ్వు నన్ను గ్యాస్‌లైట్ చేస్తున్నావు" అంటే చాలు, అడిగినవాళ్ళు తమ మీద తామే అనుమానపడతారు. అంటే ఏమైంది? ఆ మాటతోనే ఆ పని చేశాడు. అందుకని ముద్ర వెయ్యడానికి తొందరపడకండి. ఒక ప్రశ్న వేసుకోండి. ఇప్పుడు మాట దేని మీద నడుస్తోంది? జరిగిన సంగతి మీదా, నా బుర్ర మీదా? మళ్ళీ అడుగుతున్నాను. సంగతి మీదా, నా బుర్ర మీదా?

బుర్ర మీదే అని తోస్తే ఏం చెయ్యాలి? దీనికి నాటకంలోనే దారి ఉంది. బెల్లా దగ్గరికి ఒక రిటైరైన పోలీసు అధికారి వస్తాడు. పేరు రఫ్. ఆ పాత హత్య కేసు ఆయనకి తెలుసు. ఆయనతో మాట్లాడుతుండగా దీపం తగ్గుతుంది. ఆయన కూడా చూస్తాడు. అంతే. అన్నాళ్ళుగా పిచ్చి అనుకున్నది ఒక్క క్షణంలో సాక్ష్యమైపోతుంది. ఆమె కళ్ళు మారలేదు. దీపం మారలేదు. రెండో జత కళ్ళు వచ్చాయి.

భర్తకి ఈ సంగతి తెలుసు. అందుకే సినిమాలో భార్యని ఎవరింటికీ పోనివ్వకుండా, ఎవరినీ రానివ్వకుండా చూస్తాడు. మన ఇళ్ళల్లో ఇది ప్రేమలా కనిపిస్తుంది. "మీ అక్కకి అన్నీ చెప్పడమెందుకు? మన ఇంటి సంగతి మన మధ్యే ఉండనీ" అంటారు. కొన్ని సంగతులు ఇంట్లోనే ఉండాలి, నిజమే. కానీ మీకు మతి పోతోందన్న సంగతి ఒక్క మనిషే చెప్తున్నప్పుడు, ఆ మాట ఇంకొకరి చెవిన కూడా పడాలి. అక్కయ్య కావచ్చు. పక్కింటి పిన్నిగారు కావచ్చు. పాత స్నేహితురాలు కావచ్చు. తీర్పు చెప్పమని అడగక్కర్లేదు. "ఇలా జరిగింది, నువ్వు కూడా చూడు" అంటే చాలు.

రెండో మనిషి దొరకనప్పుడు కాగితమే రెండో మనిషి. ఆఫీసులో అయితే నోటిమాట వినగానే ఒక మెసేజ్ పెట్టండి. "సార్, మీరు చెప్పినట్టు ఆ ఫైలు ఆపాను" అని. మర్యాదగానే ఉంటుంది. శుక్రవారం పనికొస్తుంది. ఇంట్లో అయితే తారీకు వేసి రెండు ముక్కలు రాసుకోండి. ఏం జరిగింది, ఎవరేమన్నారు. మీ ఏడుపు రాయక్కర్లేదు, మాటలు రాస్తే చాలు. ఇంట్లో దొరికిపోతుందనుకుంటే అక్కయ్య ఫోనుకి పంపండి. రాసుకున్నాక ఒక్కోసారి పొరపాటు మనదేనని తేలుతుంది. తేలనివ్వండి. అప్పుడు ఎదుటివాళ్ళ మీద పడ్డ అనుమానం తీరిపోతుంది. పెద్దవాళ్ళ విషయంలో అయితే డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఒక్కరితోనే పంపకండి. మరుపు నిజంగా ఉంటే అది జబ్బు. దానికి వైద్యం కావాలి. సంతకం వైద్యం కాదు.

చట్టం సంగతి క్లుప్తంగా చెప్తాను. మన 2005 నాటి గృహహింస చట్టం కొట్టడాన్ని మాత్రమే హింస అనలేదు. మాటలతో, మనసుని బాధపెట్టడంతో చేసేదాన్ని కూడా హింసగానే చెప్పింది. 2007లో తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం వచ్చింది. చూసుకుంటారన్న షరతు మీద ఆస్తి రాసిచ్చాక చూసుకోకపోతే, ఆ రాతని రద్దు చేయమని ట్రిబ్యునల్‌ని అడిగే వీలు అందులో ఉంది. మన జిల్లాల్లో దాని కోసం ఆర్డీవో ఆఫీసులో అడగాలి.

సినిమా చివర్లో ఒక ఘట్టం చెప్పి ముగించేద్దును గానీ, చూడనివాళ్ళకి రుచి పోతుంది. కొంచెం మాత్రం చెప్తాను. భర్త దొరికిపోయి కుర్చీకి కట్టేసి ఉంటాడు. కత్తి తెచ్చి కట్లు కొయ్యమని భార్యని బతిమాలతాడు. ఆవిడ ఏమంటుందో అక్కడే వినండి. ఇన్నాళ్ళూ ఆయన వేసిన ముద్రనే ఆవిడ ఆయనకి జవాబుగా ఇస్తుంది.

ఇక ఫోను నంబర్లు. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. ఆడవాళ్ళకి సాయం కావాలంటే 181. ఒకటి, ఎనిమిది, ఒకటి. పెద్దవాళ్ళ కోసం 14567. ఒకటి, నాలుగు, అయిదు, ఆరు, ఏడు. మనసు బాగాలేదని ఎవరితోనైనా మాట్లాడాలంటే టెలీ మానస్, 14416. ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు. ఫోను చేసి ఎక్కణ్ణించి మొదలుపెట్టాలో తోచకపోతే, మొన్న జరిగింది ఒక్కటి చెప్పండి. ఏ రోజు, ఎవరున్నారు, ఎవరేమన్నారు. మిగతాది వాళ్ళు అడుగుతారు.